క్లాక్ టవర్ కింద కలుద్దాం

సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గరికి టైం చూసుకోవడానికి వెళ్లేవాళ్లు లేరు. బస్సు దిగడానికి వెళ్తారు, బస్సు మారడానికి వెళ్తారు. జనరల్ బజార్లో చీరలకీ, పాట్ మార్కెట్లో బంగారానికీ, మోండా మార్కెట్లో కూరగాయలకీ పోతూ దాని పక్కనుంచి నడిచిపోతారు. ఇల్లెక్కడ అంటే "క్లాక్ టవర్ నుంచి లెఫ్టు" అంటారు. బేరం తెగని ఆటో అతను "క్లాక్ టవర్ కాడ దింపుత, ఆడికెంచి నడువుండ్రి" అంటాడు. మొన్నొక ఆదివారం నేను మాత్రం పనిగట్టుకుని దాన్ని చూడ్డానికే వెళ్లాను. తోటలో బెంచీ మీద కూర్చుని తలెత్తి అదేపనిగా చూస్తుంటే పక్కనున్న పెద్దాయనకి నా మీద జాలేసినట్టుంది. "ఏం జూస్తున్నవ్ సార్?" అన్నాడు. "గడియారం" అన్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, "పావు తక్కువ పన్నెండు" అని చెప్పి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నెత్తిమీద 120 అడుగుల కట్టడం ఆ ఒక్క పని కోసమే నిలబడి ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఆయన తప్పేం లేదు.

అసలు ఆ టవరు కట్టిందే ఆయనలాంటివాళ్లని దృష్టిలో పెట్టుకుని కాదు. సికింద్రాబాద్ 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన దండు ఊరు. కంటోన్మెంటులో పనిచేసిన బ్రిటిష్ అధికారులు ఊరిని వృద్ధిలోకి తెచ్చారన్న మన్ననకి గుర్తుగా ఆ శతాబ్దం చివర్లో ఈ టవర్ లేపారు. 1897 ఫిబ్రవరి 1న అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ సర్ ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించాడు. లోపలి గడియారం ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. అంటే గౌరవం దొరలకి, గడియారం ఖర్చు సేఠ్‌గారికి. ఆయనకి ఈ యంత్రాల మీద ప్రత్యేకమైన మనసుండేదనుకుంటాను. మూడేళ్లకే, 1900లో, దగ్గర్లోని జేమ్స్ స్ట్రీట్‌లో ఇంకో గడియారపు బురుజున్న భవనం కట్టించాడు. అది పోలీసు ఠాణా అయింది. రాంగోపాల్‌పేట అనే పేరు ఆయనదే.

ఈ ఊళ్లో గడియారాల జాబితా వేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1591లో కట్టిన చార్మినార్ మూడు వందల ఏళ్ల పాటు గడియారం లేకుండా హాయిగా బతికింది. 1889లో దాని నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. (అవి ఆ కమానులకి నప్పలేదని నా అభిప్రాయం. ఎవరూ ఒప్పుకోరు.) 1892లో ప్రధాని ఆస్మాన్ జా లాడ్ బజార్ అవతల మహబూబ్ చౌక్‌లో అయిదంతస్తుల గడియారపు మేడ కట్టించాడు. 1897లో సికింద్రాబాద్‌ది. 1903లో ఫతే మైదాన్‌లో నవాబ్ జఫర్ జంగ్‌ది. రెసిడెన్సీ పక్కన సుల్తాన్ బజార్‌లో ఉన్నది వీటన్నిటికంటే ముందుది. అదొక్కటీ పక్కన పెడితే, పదిహేనేళ్ల లోపల ఊరికి ఉన్నట్టుండి ఇన్ని గడియారాలు ఎందుకు కావాల్సొచ్చాయి?

నాకు తోచిన జవాబు రైలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. అంతకుముందు ఈ నేల మీద రోజుకి అరవై గడియలు, గడియకి ఇరవైనాలుగు నిమిషాలు. అదయినా జ్యోతిష్కుడికీ, ముహూర్తం పెట్టేవాడికీ కావాలి గానీ, మామూలు మనిషికి జాము చాలు. తొలి కోడి, పొద్దు బారెడెక్కడం, నడినెత్తికి రావడం, పశువులు ఇంటికి మళ్లే వేళ, అయిదు పూటల అజాన్. ఎద్దుల బండి తోలేవాడు మనం వచ్చేదాకా ఆగుతాడు, అందాకా చుట్ట కాల్చుకుంటాడు. రైలు ఆగదు. ఒక మనిషి కోసం ఆగని వాహనం ఈ ఊరి చరిత్రలో అదే మొదటిది. నిమిషం అనేదానికి విలువ కట్టింది అదే. ఆ నిమిషాన్ని చూపించే వస్తువు అందరి దగ్గరా లేదు, కొనే స్తోమతూ లేదు. అందుకని అందరి తరఫునా ఒకటి కొని, ఎవరికైనా కనబడేలా ఎత్తున పెట్టారు.

పెట్టినవాళ్ల ఉద్దేశం ఉపకారం ఒక్కటే అనుకునేంత అమాయకులం కానక్కర్లేదు. ఎత్తున పెట్టిన గడియారం టైం చెప్పడంతో ఊరుకోదు, ఇక్కడ ఎవరి టైం నడుస్తోందో కూడా చెబుతుంది. సికింద్రాబాద్ టవర్ ప్రారంభమైన రోజు దండు ఊళ్లో క్యాలెండరు 1897 అంటే, హుస్సేన్ సాగర్ కట్ట దాటి నిజాం కచేరీకి పోతే అక్కడ ఫసలీ 1306. నెలల పేర్లూ వేరే, అజూర్, దై, బహమన్... ఒక చెరువుకి అటొక సంవత్సరం ఇటొక సంవత్సరం. మధ్యలో బతికే గుమాస్తా రెండూ కంఠతా పట్టాల్సిందే. ఆ ఫసలీ పూర్తిగా పోయిందనుకునేరు, రెవెన్యూ రికార్డుల్లో ఇవాళ్టికీ ఉంది. భూమి కాగితాల కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గడియారపు మేడ లోపల ఏముంటుందో చాలామందికి తెలియదు. నాలుగు వైపులా నాలుగు గడియారాలు ఉంటాయనుకుంటాం. పాతకాలపు మేడల్లో మామూలుగా యంత్రం ఒక్కటే. మధ్యలో ఇనప చట్రం మీద పళ్ల చక్రాలు, తాడుకి వేలాడే బరువులు, కింద లోలకం. ఆ ఒక్క యంత్రం నుంచి కడ్డీలు నాలుగు గోడల దాకా పోయి నాలుగు జతల ముళ్లని తిప్పుతాయి. బరువులు కిందికి దిగుతూ ఉంటే గడియారం నడుస్తుంది, అడుగుకి చేరాక ఎవరో ఒకరు మెట్లెక్కి మళ్లీ కీ ఇవ్వాలి. వారం వారం ఆ మెట్లెక్కే మనిషి లేకపోతే పైనున్న యంత్రం ఎంత గొప్పదైనా పనికిరాదు. చౌమహల్లా ప్యాలెస్ గుమ్మం మీది ఖిల్వత్ గడియారం రెండున్నర శతాబ్దాలుగా నడుస్తోందని చెబుతారు. వారానికోసారి దానికి కీ ఇచ్చే పని గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం చేతిలో ఉంది. మిగతా మేడలు ఆగిపోవడానికీ అది ఆగకపోవడానికీ తేడా ఇత్తడి నాణ్యతలో లేదు, ఆ మెట్లెక్కే కాళ్లలో ఉంది.

ఇంకో శత్రువు ఎండ. లోహపు కడ్డీ వేడికి సాగుతుంది. లోలకం పొడుగు వెంట్రుకవాసి పెరిగినా ఊగడం నెమ్మదిస్తుంది. ఇనుప లోలకానికి ఒక్కో డిగ్రీ వేడికీ రోజుకి దాదాపు అర సెకను నష్టం. జనవరి రాత్రి పదిహేను డిగ్రీలకీ మే మధ్యాహ్నం నలభైకీ మధ్య తేడా పాతిక డిగ్రీలు. సరిచేసే ఏర్పాటు లేకపోతే రోజుకి పన్నెండు పదమూడు సెకన్లు, నెలకి ఆరు నిమిషాలు పైచిలుకు. చల్లటి దేశంలో లెక్క కట్టిన యంత్రాన్ని దక్కను పీఠభూమి మీదికి తెచ్చి, నల్లరాతి మేడలో పెట్టి, ఎండాకాలంలో అది వెనకబడితే మనం సోమరితనం అంటాం. దీనికితోడు ఈదురుగాలి ముళ్లని తోస్తుంది. పావురాలు పెద్ద ముల్లు మీద వరసగా కూర్చుంటాయి. మహబూబ్ చౌక్ మేడ కింద, ముర్గీ చౌక్‌లో పావురాలూ కోళ్లూ అమ్ముతారు. కింద గంపల్లో ఉన్నవాటికి ధర పలుకుతూ ఉంటే పైన ఉచితంగా తిరిగేవి టైంని ఆపుతూ ఉంటాయన్నమాట.

సరే, గడియారం బాగానే నడుస్తోందనుకుందాం. అప్పుడైనా అది చెప్పేది నిజమేనా? ఈ ప్రశ్న నాది కాదు, మా పెదనాన్నది.

మాది విజయనగరం. అక్కడా ఒకటుంది, గంటస్తంభం. ఊరంతటికీ అదే గుర్తు. నేను సికింద్రాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పెదనాన్న బొల్లారంలో ఉన్న వియ్యాలవారింటికి వస్తూ నాకో కార్డు రాశాడు. ఫలానా తారీఖు సాయంత్రం ఆరున్నరకి మీ ఊరి గంటస్తంభం కింద నిలబడు, నీకు మీ పెద్దమ్మ పంపిన పొట్లం ఇవ్వాలి, అని. దారి అడగలేదు. ఏ ఊరికైనా ఒక గంటస్తంభం ఉంటుందనీ, దాని కింద నిలబడితే మనిషి దొరుకుతాడనీ ఆయన నమ్మకం. ఎండాకాలం రోజులు. నేను వెళ్లేసరికే ఆయన పంచె ఎగ్గట్టుకుని, చేతిసంచీ కాళ్ల మధ్య పెట్టుకుని, ఒకసారి టవర్ వైపూ ఒకసారి పడమటి వైపూ చూస్తున్నాడు.

"ఇదేట్రా, ఆరున్నరైనా పొద్దు కుంకలేదు! మనూల్లో ఈపాటికి దీపాలెట్టేస్తారు. మీ గడియారం తప్పేమో కనుక్కో."

నా చేతికి హెచ్ఎంటీ ఉంది. చూపించాను. రెండూ ఒకటే చెబుతున్నాయి.

"అయితే సూర్యుడు తప్పంటావేట్రా?"

పొట్లంలో చేగోడీలు ఉన్నాయి. అవి ఆ రాత్రికే అయిపోయాయి గానీ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

లెక్క చిన్నదే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. దేశమంతటికీ టైం ఇచ్చే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. విజయనగరం దానికి తూర్పున, సికింద్రాబాద్ పడమట నాలుగు డిగ్రీల దూరాన. గడియారం పన్నెండు కొట్టేసరికి విజయనగరంలో సూర్యుడు నడినెత్తి దాటి మూడు నాలుగు నిమిషాలవుతుంది. సికింద్రాబాద్‌లో ఇంకో పదహారు నిమిషాలు కావాలి. రెండు ఊళ్లకీ మధ్య దగ్గర దగ్గర ఇరవై నిమిషాలు, అంటే మన పాత లెక్కలో గడియకి కాస్త తక్కువ. పెదనాన్న కళ్లు దాన్ని పట్టేశాయి. గడియారమూ తప్పు కాదు, సూర్యుడూ తప్పు కాదు. పడమటి దిక్కున ఉన్న ఊరు తూర్పు రేఖ టైంకి తలూపింది, అంతే. ఈ పదహారు నిమిషాలు కూడా ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. సూర్యుడి నడక సమంగా ఉండదు కాబట్టి ఫిబ్రవరిలో అవి అరగంట దాకా సాగుతాయి, నవంబరు తొలివారంలో దాదాపు సున్నా అవుతాయి. ఏడాదిలో ఆ నాలుగు రోజులే సికింద్రాబాద్ సూర్యుడూ, సర్కారు గడియారమూ ఒక్కమాట మీద ఉండేది.

టవర్ కట్టిన నాటికి ఈ సర్కారు టైం కూడా లేదు. ఇండియన్ స్టాండర్డ్ టైం 1906 జనవరి 1న వచ్చింది. దానికి ముందు ఊరికో టైం. రైళ్లకి మాత్రం మద్రాసు టైం, అక్కడి అబ్జర్వేటరీలో నక్షత్రాలు చూసి లెక్కకట్టింది, గ్రీనిచ్‌కి 5 గంటల 21 నిమిషాలు ముందు. సికింద్రాబాద్ సూర్యుణ్ణి నమ్ముకుని స్టేషనుకి వెళ్లినవాడికి మద్రాసు టైం ఏడు నిమిషాలు ముందుంటుంది. రైలు తప్పిపోవడానికి ఏడు నిమిషాలు ఎక్కువ. దేశమంతా ఒక్క టైం అన్నాక కూడా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైం పట్టుకుని వేలాడాయి. బొంబాయివాళ్ల మొండితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. టైం అనేది ఆకాశం నుంచి రాలిన సత్యం కాదనీ, నలుగురూ ఒప్పుకుంటేనే నడిచే ఏర్పాటనీ వాళ్లకి బాగా తెలిసుండాలి.

ఒప్పుకోలు అన్నాను గనక చెబుతున్నాను. చేతిగడియారాలు వచ్చి గడియారపు మేడల్ని చంపాయని అందరూ అంటారు. నాకలా అనిపించదు. చేతికి గడియారాలున్న రోజుల్లోనే ఈ టవర్‌కి అసలైన పని ఉండేది. "శనివారం అయిదింటికి క్లాక్ టవర్ కింద." ఆ మాట అనేసి విడిపోతే మళ్లీ శనివారం అయిదింటి దాకా ఇద్దరి మధ్యా తీగె లేదు, కబురు లేదు. మాట ఒక్కటే ఉంది. ఆ మాటకి ఒక గంట కావాలి, ఒక చోటు కావాలి. రెండూ ఇచ్చేది ఈ మేడ. రాకపోతే ఏమైందో తెలియదు. జ్వరమా, బస్సు దొరకలేదా, మనసు మారిందా? ఇంకో పది నిమిషాలు, ఇంకో అయిదు, అనుకుంటూ పెద్ద ముల్లుని చూడ్డం. పెళ్లిచూపుల తర్వాత పెద్దలకి తెలియకుండా కలుసుకున్నవాళ్లు, ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడి కోసం సర్టిఫికెట్ల కవరు పట్టుకుని నిలబడ్డవాళ్లు, ఊరు నుంచి వచ్చే తమ్ముడి కోసం పచార్లు చేసినవాళ్లు, ఈ తోట చుట్టూ ఎంతమంది ఉండి ఉంటారో. దొరల గౌరవార్థం కట్టిన మేడని జనం ఎదురుచూపులకి వాడుకున్నారు. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల స్తూపం కూడా ఈ తోటలోనే ఉంది. ఏటా దాని దగ్గర పూలు పెట్టేవాళ్లలో ప్లౌడెన్ పేరు విన్నవాళ్లు ఒక్కరైనా ఉంటారా అని నా అనుమానం.

ఆ ఎదురుచూపు సెల్‌ఫోన్‌తో పోయింది. ఇప్పుడెవరూ ఒక గంటకి కట్టుబడరు. "బయల్దేరా", "ప్యాట్నీ దాటా", "సిగ్నల్ దగ్గరున్నా, రెండు నిమిషాలు" అని దారంతా కబుర్లు పంపిస్తూ వస్తారు, లేదా రావడం మానేస్తారు. రారనీ ముందే తెలుస్తుంది. మంచిదే, ఎవరి కాళ్లూ లాగవు. నాకేం పాత రోజుల మీద మోజు లేదు. ఎండలో గంటన్నర నిలబడి తిరిగెళ్లిన సాయంత్రాలు నాకూ ఉన్నాయి, వాటిని ఎవరికైనా ఉచితంగా ఇచ్చేస్తాను. కానీ "అయిదింటికి" అంటే అయిదింటికే అనే ఒక మొరటు నిజాయితీ ఆ మాటలో ఉండేది. దాన్ని గుర్తుచెయ్యడానికి నెత్తిమీద ఒక సాక్షి ఉండేవాడు. రోడ్డు వెడల్పు కోసం ఈ టవర్‌నే తీసెయ్యాలన్న ఆలోచన కూడా ఒకప్పుడు నడిచింది. తీసేసి ఉన్నా స్టాపుని క్లాక్ టవర్ అనే పిలిచేవాళ్లం, అందులో సందేహం లేదు.

మేడల కింద ఎవరూ తలెత్తి చూడకపోయినా, ఈ ఊళ్లో జనం గడియారం ముందు కూర్చుని గంట కోసం కాచుకునే చోటు ఇంకొకటుంది. మూసీ ఒడ్డున, దారుల్‌షిఫాలో, సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి సంగీత గడియారం సంగతి హైదరాబాద్ పిల్లలందరికీ తెలుసు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది, లోపల మూడు వందల యాభైకి పైగా భాగాలు. ఒక మూల కమ్మరివాడు సెకను సెకనుకీ సుత్తి వేస్తూ ఉంటాడు. గంట పూర్తవడానికి మూడు నిమిషాల ముందు గడ్డమున్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది, గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకి జనం ఎక్కువ, ఎందుకంటే అప్పుడే ఎక్కువ దెబ్బలు. గదుల్లో రాళ్లు పొదిగిన కత్తులూ, దంతపు కుర్చీలూ వదిలేసి అందరూ ఇక్కడికి చేరతారు. క్లాక్ టవర్ చూసిన ఆదివారం తర్వాత నేనూ వెళ్లి కూర్చున్నాను.

ముందు వరసలో ఒక ముసలమ్మ, కొడుకు, కోడలు, ఆరేడేళ్ల మనవడు. అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి, మనవడి చేతుల్లో తప్ప. వాడు వేళ్లు చాపి సిద్ధంగా ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. గడ్డపాయన వచ్చాడు. వాడు ఒక్కో దెబ్బకీ ఒక్కో వేలు ముడుస్తూ, పది దాటాక నానమ్మ వేళ్లు అరువు తీసుకుని, "పన్నెండు!" అని అరిచాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. బొమ్మ లోపలికెళ్లిపోయింది. జనం లేచి కుర్చీలు జరుపుతున్నారు.

"మల్ల ఎప్పుడొస్తడు నానమ్మా?"

"ఒంటి గంటకు బిడ్డా. అప్పుడు ఒక్కటే కొడ్తడు."

"గంట సేపు గూసుంటే ఒక్కటేనా?"

కొడుకు వాడి చెయ్యి పట్టుకుని లేపాడు. "నడువమ్మా, ఆకలైతుంది, తినొద్దాం" అన్నాడు తల్లితో. ఆవిడ కదల్లేదు. సంచీ పక్క కుర్చీ మీద పెట్టి చీర కొంగు సర్దుకుంది.

"మీరు పోయి తినిరాండ్రి. నేనీడనే గూసుంట. ముందట్ల జాగ మల్ల దొర్కది."